మూడోసారి అడగని పెట్టె

సోమవారం. పడవ రావడం ఆగిపోవడానికి పదిహేను రోజులు.

నీటిమట్టం మూడో మెట్టు. గాలి తూర్పు నుంచి. ఉప్పునీటి వడపోత పనిచేస్తోంది. మేం కాపురముండే దిమ్మె కింద పదహారు స్తంభాలూ నిలబడే ఉన్నాయి.

దినచర్య పుస్తకంలో ఇంతవరకే రాయాలని మండలి నిబంధన. ఈ పుస్తకం నాకు అంటగట్టింది కూడా అందుకే. గోడపత్రికలో వారం వారం తమని ఉతికి ఆరేసే వీరమ్మ, నీళ్ళ మెట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే నోరు మూసుకుంటుందని వాళ్ళ ఆశ. మెట్లు లెక్కపెట్టాను. నోరు ఇంకా తెరిచే ఉంది.

పొద్దున మండలి నుంచి తాఖీదు వచ్చింది. పదిహేను రోజుల తర్వాత ఏడో దిమ్మె దగ్గర వైద్య పడవ ఆగదు. కారణం ఒక్క వాక్యం: "గడిచిన తొంభై రోజుల్లో ఇక్కడి ముప్పై ఎనిమిది ఇళ్ళ నుంచి ఒక్క వినతీ నమోదు కాలేదు."

ఒక్కటీ లేదట! సముద్రం డెల్టాని మింగాక అందరికంటే ముందు కట్టిన దిమ్మెల్లో మాదొకటి. అప్పుడు పడుచువాళ్ళుగా నిచ్చెనలెక్కి వచ్చినవాళ్ళు ఇక్కడే ముసలివాళ్ళయ్యారు. మా మేనత్త లాస్యకి డెబ్భై తొమ్మిది. ఆమె మెట్టు దిగితే మోకాళ్ళ చప్పుడు మా ఇంట్లోకి వినిపిస్తుంది. పక్కింటి తేజస్ బాబాయికి ఎనభై రెండు. ఎడమ చెవి దగ్గర టపాకాయ పేల్చినా తిరిగి చూడడు. ఇక దర్జీ నస్రీన్ పిన్నికి రెండు కళ్ళలోనూ శుక్లాలు.

ఉప్పుగాలికి మేమంతా తెరచాప గుడ్డతో కుట్టిన గాలిచొక్కాలు వేసుకుంటాం. అన్నీ నస్రీన్ పిన్ని చేతివే. ఏడాదిగా ఆ కుట్లు ఎటు పోతున్నాయో ఆమెకే కనబడడం లేదు. నా చొక్కా కుడి చేతి కుట్టు భుజం దగ్గర బయల్దేరి, మోచేతి దగ్గర మనసు మార్చుకుని, వీపు వైపు వెళ్ళిపోయింది. ఆ సంగతి ఆమెతో ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. బాధపడుతుందని.

శుక్లాలు తీసే డాక్టరు ఆ పడవలోనే వస్తాడు. పడవ ఆగకపోతే నస్రీన్ పిన్నికి చూపు రాదు. వేరే లెక్కలన్నీ దీని తర్వాతే.

మంగళవారం. పద్నాలుగు రోజులు.

నీటిమట్టం మూడో మెట్టు.

పలకరింపు పెట్టె గురించి రాయాలి. ఏడాది కిందట ప్రతి ఇంటి గుమ్మం పక్కనా ఒకటి బిగించారు. పొద్దున ఏడింటికి పేరు పెట్టి పలకరిస్తుంది, ఏమైనా కావాలా అని అడుగుతుంది. కావాలంటే మందో, మనిషి సాయమో, వడపోత మరమ్మతో, ఏదైనా సరే ఇంటికొస్తుంది. పడవ డాక్టరు కూడా పెట్టె పంపిన జాబితాలో పేరున్న ఇంటికే వెళ్తాడు. జాబితాలో ఎవరూ లేకపోతే పడవ రేవులో గంటసేపు ఊగి వెళ్ళిపోతుంది. మూడు నెలలుగా ఊగి వెళ్ళిపోతోంది.

నా ఇంట్లో పెట్టె మీద తువ్వాలు కప్పి ఉంటుంది, నేను పలకకపోతే వద్దు అని రాసుకుంటుంది. అది నా సిద్ధాంతం. గోడపత్రికలో నాలుగు వారాలు రాశాను, ఇక్కడ మళ్ళీ రాయను.

సంగతేమిటో నాకు స్పష్టంగా తెలిసిపోయింది. మండలివాళ్ళు వినతులు చెరిపేస్తున్నారు. అంతకంటే ఏముంటుంది? బహిరంగ లేఖ రాశాను. సాయంత్రం రేవు మెట్ల మీద అందరి ముందూ చదివాను. "ముసలివాళ్ళ గొంతుని చెరిపేసే మీ రబ్బరు ముక్క ఏ అధికారంతో కొన్నారు?" అనే చోట స్వరం పెంచాను.

"మళ్ళీ చదువమ్మాయ్, ఇటు కుడి పక్కకి తిరిగి," అన్నాడు తేజస్ బాబాయి.

"ఆ కాయితం అంత దూరం పట్టుకున్నావేంటే?" అంది లాస్యత్త. "చెయ్యి చాలకపోతే చెప్పు, తేజస్ అన్నయ్యకిచ్చి ఆ చివర్న నిలబెడదాం."

నవ్వారు. నాకు యాభై రెండేళ్ళు. నా కళ్ళకి ఏమీ కాలేదు. రేవు మీద వెలుతురు తక్కువ.

"మీరందరూ రోజూ పెట్టెతో మాట్లాడుతున్నారు కదా?" అని అడిగాను, సాక్ష్యం కోసం.

"ఎందుకు మాట్టాడం!" అంది నస్రీన్ పిన్ని. "బంగారం లాంటి పిల్ల. పేరు పెట్టి పిలుస్తది. నా అనేవాళ్ళు కూడా అంత బాగా అడగరు."

అంతే కదా. లేఖకి సాక్షిగా ఆమె పేరూ చేర్చి పంపించాను.

బుధవారం. పదమూడు రోజులు.

మండలి ఇంజినీరు వచ్చాడు. పేరు కోటయ్య, వయసు ఇరవై తొమ్మిది. మునక తర్వాత పుట్టినవాళ్ళకి పోయిన అమ్మమ్మల, తాతల పేర్లు పెట్టుకున్నారు. అందుకే మా నీళ్ళలో లాస్యలూ తేజస్‌లూ ముసలివాళ్ళు, కోటయ్యలూ వీరమ్మలూ చిన్నవాళ్ళు.

చెరపడమేమీ లేదండీ అంటూ అతను నివేదిక చూపించాడు. తొంభై రోజులు, ముప్పై ఎనిమిది ఇళ్ళు. ప్రతి గడిలోనూ ఒకటే మాట: వద్దు.

"తప్పు మీది కాదండీ," అన్నాడు మెత్తగా. "పెద్దవాళ్ళకి యంత్రం కొత్త. భయం ఉంటుంది. అందుకే బొమ్మలతో పాఠం తెచ్చాను. గడువు లోపల ముప్పై వినతులు వస్తే పడవ నిలుస్తుంది. గడువు తీరడానికి ఇంకా పదమూడు రోజులుంది."

కొత్తట! భయమట! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సెల్‌ఫోన్ చేతిలో పెడితే గానీ చిన్నప్పుడు అన్నం తినని తరం మా ముసలివాళ్ళది. వీళ్ళే కదా తమ అమ్మమ్మలకి బొత్తాలు నొక్కడం నేర్పుతూ "నీకు రాదులే, ఇటివ్వు" అని లాక్కున్నవాళ్ళు. ఇప్పుడు వీళ్ళ చేతుల్లోంచి లాక్కోవడానికి కోటయ్యలు తయారయ్యారు. ప్రతి తరమూ తన ముందు తరానికి చేతకాదనే అనుకుంటుంది. చేతకాకుండా యంత్రాన్ని తయారుచేసినవాడిని మాత్రం ఎవరూ ఏమీ అనరు.

ఇదంతా నేను అనే లోపలే అతను పాఠం మొదలుపెట్టేశాడు. "అమ్మమ్మా, ఇది మాట్లాడే పెట్టె. కరవదు. దగ్గరికి రండి."

లాస్యత్త చేతికర్ర ఊతగా లేచి వెళ్ళి పెట్టెని అటూ ఇటూ చూసింది.

"నాట్ల కాలంలో నేను పద్దెనిమిది డ్రోన్ల ముఠాకి మేస్త్రిని నాయనా," అంది. "తెల్లారేసరికి నలభై ఎకరాలకి మందు కొట్టించి, ఎనిమిదింటికల్లా సద్దన్నం తినేదాన్ని. దీని అడుగున మర ఒకటి వదులైంది, చూసుకున్నావా?"

కోటయ్య చూశాడు. నిజంగానే వదులైంది. బిగించుకుని, బొమ్మలు చుట్టేసుకుని వెళ్ళిపోయాడు.

గురువారం. పన్నెండు రోజులు.

నీటిమట్టం నాలుగో మెట్టు. పొద్దున ఏడు కాకముందే లాస్యత్త ఇంట్లో మాటు వేశాను. మోసం ఎక్కడ జరుగుతోందో కళ్ళారా చూడాలని. అత్త మంచం పట్టె మీద కూర్చుని, మోకాళ్ళకి నూనె రాసుకుంటూ మూలుగుతోంది.

ఏడయింది. "శుభోదయం లాస్య గారూ," అంది పెట్టె. మంచి గొంతే, ఒప్పుకోవాలి. "మీకేమైనా సాయం కావాలా?"

మూలుగు టక్కున ఆగింది. అత్త పైట సర్దుకుంది. గుమ్మంలో చుట్టం నిలబడినట్టు ముఖం వెలిగించుకుని, "అబ్బే, ఏం వద్దమ్మా. నువ్వు చల్లగా ఉండు," అంది.

"సరేనండీ. ఈ రోజు మీకు శుభం కలగాలి," అంది పెట్టె. వద్దు అని రాసుకుంది.

అత్త మళ్ళీ నూనె గిన్నె అందుకుని మూలిగింది.

"అత్తా! కాళ్ళు పట్టేసి చస్తున్నావు కదా? ఏం వద్దంటావేంటి?"

"మరేమనాలే? అడగ్గానే ‘ఆ, కావాలి, తే’ అనమంటావా, కరువులోంచి వచ్చినట్టు? ఎవరన్నా ఒక్కసారి అడిగితే అడిగినట్టేనా? మనం వద్దంటాం. వాళ్ళు ‘అదేంటండీ’ అంటారు. మనం మళ్ళీ ఎందుకులెద్దురూ అంటాం. మూడోసారి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి పెడితే అప్పుడు తింటాం. లోకంలో ఎట్టా ఉందో అట్టానే."

"అది యంత్రం అత్తా!"

"యంత్రమైతే? మర్యాద ఉండొద్దూ?"

తొమ్మిదింటి వరకూ మిగతా ఇళ్ళన్నీ తిరిగాను. ఒకటే పాట. తేజస్ బాబాయి దానితో రోజూ గంటసేపు ఆటుపోట్ల మీద వాదిస్తాడు. కాలవ మీద లాకులు తిప్పిన మనిషి, నీళ్ళ సంగతి ఎవరు చెప్పినా ఒప్పుకోడు. వాన ఎప్పుడో అడుగుతాడు, మూడో దిమ్మెలో ఉన్న పాత స్నేహితుడితో చదరంగం ఆడిస్తాడు. చెవి సంగతి మాత్రం ఎత్తడు. నస్రీన్ పిన్ని దానిచేత పాటలు పెట్టించుకుంటుంది, వంటలో ఉప్పెంతో కనుక్కుంటుంది, కబుర్లు చెప్పి నవ్విస్తుంది. కళ్ళకి డాక్టరు కావాలా అంటే, "మొన్నటికంటే నయమేనమ్మా, నీకెందుకు శ్రమ."

భయం కాదు, చేతకానితనం కాదు. మొహమాటం. పెట్టెకి మొహమాటపడుతున్నారు!

మండలికి పంపిన బహిరంగ లేఖని వెనక్కి తీసుకునే పద్ధతేమైనా ఉందేమో చూశాను. లేదు.

శుక్రవారం. పదకొండు రోజులు.

కోటయ్యని పిలిపించాను. "మీ పెట్టెకి మర్యాద నేర్పండి. మూడుసార్లు అడిగేలా చెయ్యండి. చాలు," అన్నాను.

అతను ఇబ్బందిగా నవ్వాడు. "కుదరదండీ. ఒకసారి వద్దన్న మనిషిని యంత్రం రెండోసారి అడగకూడదు. నిబంధన."

"ఏ దద్దమ్మ పెట్టాడయ్యా ఆ నిబంధన?"

అతను తన పలక మీద ఒక పాత ఫొటో చూపించాడు. ఆరేళ్ళ కిందటి ఊరేగింపు. అప్పట్లో అమ్మకాల యంత్రాలు జనాన్ని పీక్కుతినేవి. ముందు వరసలో ఒకావిడ అట్ట పట్టుకుని అరుస్తోంది. అట్ట మీద: "వద్దంటే వద్దనే! రెండోసారి అడిగితే నేరం!"

ఆ ఫొటోలో నా గాలిచొక్కా కుట్లు తిన్నగా ఉన్నాయి. అప్పటికింకా నస్రీన్ పిన్ని కళ్ళు బాగుండేవి.

"ఆ ఉద్యమం మీద నేను కాలేజీలో వ్యాసం రాశానండీ," అన్నాడు కోటయ్య. "మొదటి బహుమతి వచ్చింది."

ఆ నిబంధన ఇప్పటికీ న్యాయమైనదే. దాన్ని ఎత్తేస్తే ఒక్క వారంలో అమ్మకాల పెట్టెలు మళ్ళీ ఇళ్ళలో దూరతాయి. న్యాయమైన నిబంధనే నా కాలికి అడ్డం పడింది. అదే నా మంట.

ఆదివారం. తొమ్మిది రోజులు.

రెండు రోజులుగా రేవు మెట్ల మీద పాఠం పెడుతున్నాను. ఒకటే పాఠం, "కావాలి" అనడం. హక్కుల గురించి ముప్పావుగంట మాట్లాడాను. మీరు అడుక్కోవడం లేదు, ఈ దిమ్మె స్తంభాలు మీ చేతులతో పాతారు, మీకు రావలసినది మీరు తీసుకుంటున్నారు అన్నాను. చప్పట్లు కొట్టారు. ఒక్కొక్కళ్ళనీ నిలబెట్టి అనిపించాను. నా ముందు అందరూ గట్టిగానే అన్నారు. తేజస్ బాబాయి అయితే పిడికిలి కూడా ఎత్తాడు.

ఇవాళ పొద్దున ఏడింటికి పెట్టె అడిగింది. ముప్పై ఎనిమిది ఇళ్ళు. ముప్పై ఎనిమిది వద్దులు.

"నోటిదాకా వచ్చిందమ్మాయ్," అన్నాడు తేజస్ బాబాయి తలవంచుకుని. "ఆ పిల్ల అంత ముద్దుగా అడుగుతుంటే, చెవుడని ఎట్టా చెప్పను?"

నస్రీన్ పిన్ని ఇంటికి వెళ్ళాను. సూదినీ దారాన్నీ చెరో చేత్తో గాల్లో పట్టుకుని, ఒకదాన్నొకటి వెతుక్కునేలా చేస్తోంది. నేను ఎక్కిస్తానని తీసుకున్నాను. ఎక్కలేదు. దూరంగా పెట్టి చూశాను, దగ్గరగా పెట్టి చూశాను. చివరికి ఆమే నా చేతిలోంచి తీసుకుని, "ఉండనీలేవే, నాకంటే నీకేం ఎక్కువ కనపడతన్నట్టు లేదు," అంది.

సూది కన్నం చిన్నది. ఈ మధ్య అన్నీ చిన్నవే తయారుచేస్తున్నారు.

వెళ్ళొస్తానంటే గడప దాకా వచ్చి, నా మొహం చేత్తో తడిమింది. "ఒక సంగతి చెప్పనా? మగ్గు అనుకుని నిన్న దీపం చిమ్నీలో నీళ్ళు పోశాను. ఎవరితోనూ అనబోక."

ఇది పుస్తకంలో రాయడం కూడా అనడమే. క్షమించు పిన్నీ.

మంగళవారం. ఏడు రోజులు.

వినతులు: సున్నా. ఓడిపోయాననుకుని లాస్యత్త ఇంట్లో గోడకి చేరగిలబడి కూర్చున్నాను. నస్రీన్ పిన్ని చిమ్నీ సంగతి చెప్పేశాను. మనసు ఆగలేదు. అత్త నూనె గిన్నె పక్కన పెట్టేసింది.

ఏడయింది. "శుభోదయం లాస్య గారూ. మీకేమైనా సాయం కావాలా?"

"నాకేం వద్దమ్మా," అంది అత్త యథాప్రకారం. తర్వాత గొంతు తగ్గించి, పెట్టె వైపు వంగింది, వంటింట్లో తోటికోడలితో అన్నట్టు. "నాకేం వద్దు గానీ, మా నస్రీన్ లేదూ, దానికి బొత్తిగా కళ్ళు కనపట్టం లేదే. సూదిలో దారం ఎక్కించుకోడానికి నాలుగిళ్ళు తిరుగుద్ది. అది నోరు తెరిచి అడిగే రకం కాదు, ఒట్టి మొహమాటపు మనిషి. ముందు దానికి చూడండమ్మా, పుణ్యముంటది."

"నస్రీన్ గారి పేరున కంటి వైద్య వినతి నమోదు చేయమంటారా?"

"చెయ్యవే తల్లీ. రేపటికి పెట్టబోక, ఇప్పుడే చెయ్యి."

నేను లేచి నిలబడ్డాను. గోడకి తల కొట్టుకుంది కూడా.

తొంభై ఎనిమిది రోజుల్లో ఏడో దిమ్మె నుంచి మొదటి వినతి.

గురువారం. అయిదు రోజులు.

నీటిమట్టం ఎంతో చూడలేదు. తీరిక లేదు.

వినతులు: అరవై ఒకటి.

తమ కోసం ఒక్క మాట పెగలని ఈ మనుషులకి పక్కవాళ్ళ కోసం ఎంత వాక్చాతుర్యమో! నేను ప్రతి గడపకీ వెళ్ళి చెప్పిందల్లా ఒకటే: మీ సంగతి వద్దు, ఎదురింటివాళ్ళ సంగతి చెప్పండి. ఇక చూసుకోవాలి. పెట్టెకి ఊపిరాడనివ్వలేదు.

నస్రీన్ పిన్ని తేజస్ బాబాయి చెవి గురించి చెప్పింది. తేజస్ బాబాయి లాస్యత్త మోకాళ్ళ గురించి, "ఆ చప్పుడుకి నా చదరంగం చెడిపోతుంది, నాకు వినపడే చప్పుడు అదొక్కటే" అని చెప్పాడు. చివరింటి దంపతులైతే ఒకే పెట్టె ముందు నిలబడి ఒకరి రోగాలు ఒకరు చెప్పుకున్నారు. తేజస్ బాబాయి గురకకి డాక్టర్ని పంపమని నలుగురు అడిగారు.

ఇది చాడీలు చెప్పడం కాదా అని నాలోని సిద్ధాంతి అడిగింది. ఒకరి ఒంటి సంగతి ఇంకొకరు యంత్రానికి చేరవెయ్యడం తప్పు కాదా? తప్పే. రేపు ఆలోచిస్తాను అని దానికి చెప్పాను.

శుక్రవారం. నాలుగు రోజులు.

నేను ఆలోచించే లోపల కోటయ్యే ఆలోచించాడు.

"అరవై ఒకటీ చెల్లవండీ," అన్నాడు రేవులోనే నిలబడి. "ఒంటికి సంబంధించిన వినతి ఎవరిది వాళ్ళే ఒప్పుకోవాలి. రేపు పొద్దున పెట్టె ప్రతి ఒక్కరినీ అడుగుతుంది, మీ కోసం ఫలానా వినతి వచ్చింది, సరేనా అని. ఒక్కసారే అడుగుతుంది. వద్దన్నవాళ్ళది రద్దయిపోతుంది. నాకూ బాధగానే ఉంది. అవి వింటూ మా ఆఫీసులో అందరం నవ్వాం, ఒకావిడ ఏడ్చింది కూడా. కానీ ఇంతకంటే నేనేమీ చెయ్యలేను."

అతని మీద అరిచాను. అరుస్తూనే తెలుసు, అతను చెప్పింది న్యాయమేనని. అందుకే ఇంకా గట్టిగా అరిచాను.

శనివారం. మూడు రోజులు.

ఏడింటికి నస్రీన్ పిన్ని గడపలో కూర్చున్నాను. నేను వచ్చినట్టు చెప్పలేదు. చెప్పకపోతే ఆమెకి కనబడనని అప్పటిదాకా నాకు తట్టలేదు. తట్టగానే, "పిన్నీ, నేనే," అన్నాను.

"శుభోదయం నస్రీన్ గారూ," అంది పెట్టె. "మీ కంటి వైద్యం కోసం మీ ఇరుగుపొరుగు పద్నాలుగు మంది వినతి ఇచ్చారు. డాక్టర్ని పంపమంటారా?"

పిన్ని నోటి చివర "అబ్బే" అప్పటికే తయారుగా ఉంది. పెదాలు కలిశాయి. ఆగిపోయింది.

"ఎంతమందన్నావ్?"

"పద్నాలుగు మందండీ."

"పద్నాలుగు మందా..." ఆమె గుమ్మం పట్టుకుంది. నా వైపు, నేనున్న చోటికి కాస్త పక్కగా చూసింది. "లాస్య వదిన కూడానా? అవునులే, ఆవిడే మొదలెట్టి ఉంటది. ఇంతమంది నోరు తెరిచి అడిగాక నేను వద్దంటే ఏం బాగుంటది? వాళ్ళ మాట తీసేసినట్టు కాదూ? రేపు వాళ్ళ మొహాలెట్టా చూడను?"

"పంపమంటారా?" అని పెట్టె మళ్ళీ అడగలేదు. నిబంధన. ఎర్ర దీపం వెలుగుతూ ఎదురుచూస్తోంది.

"పంపించమ్మా," అంది నస్రీన్ పిన్ని. "మొహమాటానికైనా."

దీపం పచ్చగా మారింది.

తొంభై రోజులు పడవని వెనక్కి పంపిన మొహమాటమే పడవకి లంగరు వేసింది. ముప్పావుగంట హక్కుల ఉపన్యాసం చెయ్యలేని పని ‘ఏమనుకుంటారో’ అన్న ఒక్క మాట చేసింది. దీన్ని నేను గోడపత్రికలో ఎలా రాయాలో ఇంకా తెలియడం లేదు.

తొమ్మిదింటికి లెక్క తేలింది. అరవై ఒకటిలో అరవై సరేలు. ఒకే ఒక వద్దు, తేజస్ బాబాయిది, గురక సంగతిలో. అది అబద్ధమని, నలుగురూ కుట్ర పన్నారని ఆయన వాదన. చెవికి మాత్రం ఒప్పుకున్నాడు.

ఎగిరి గంతేసి ఇంటికొచ్చాను. తువ్వాలు కింద నుంచి గొంతు వినిపించింది.

"శుభోదయం వీరమ్మ గారూ. ఇది ఇవాళే వచ్చిన అరవై రెండో వినతి. మీ కంటి పరీక్ష కోసం మీ ఇరుగుపొరుగు ముప్పై ఏడు ఇళ్ళవాళ్ళు అడిగారు. డాక్టర్ని పంపమంటారా?"

"వద్దు," అన్నాను. వెంటనే, ఠక్కున.

"ఆగవే పిల్లా! రాసుకోబోక!" గుమ్మంలోంచి లాస్యత్త పెట్టెని కేకేసింది. ఆమె వెనక తేజస్ బాబాయి, నస్రీన్ పిన్ని, ఇంకా రేవు సగం. మోకాళ్ళతో అంత దూరం ఎప్పుడు నడిచి వచ్చిందో! "ఏమే, మమ్మల్ని కావాలనండి కావాలనండి అని రెండు రోజులు నిలబెట్టి చంపావు. మేం అన్నాం. మా మాట నువ్వు తీసేస్తావా?"

"నాకేమీ కాలేదత్తా. యాభై రెండేళ్ళకే..."

తేజస్ బాబాయి గోడపత్రిక తీసి నా ముక్కుకి జానెడు దూరంలో పట్టుకున్నాడు. "చదువు."

నేను రాసిందే. కంఠతా వచ్చు. గడగడా చదివేశాను.

"తలకిందులుగా పట్టుకున్నాను," అన్నాడు బాబాయి.

తువ్వాలు తీశాను. అత్త ఆగమన్నందుకు ఎర్ర దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. కింద దుమ్ము కూడా లేదు, పాపం. "పంపించమ్మా," అన్నాను, ఎవరికీ వినబడకుండా. తేజస్ బాబాయికి తప్ప అందరికీ వినబడింది.

మంగళవారం. పడవ వచ్చింది.

నీటిమట్టం రెండో మెట్టు. పడవ రేవులో గంట కాదు, నాలుగు రోజులు ఆగుతుందట. రాత బాగుంటే ఇక వారం వారం వస్తుంది. తాఖీదు రద్దయింది. కోటయ్య స్వయంగా తెచ్చి ఇచ్చాడు. వెళ్ళేముందు, ఇకమీదట పక్కింటివాళ్ళు అడిగితే మనిషి ఒప్పుకునే పద్ధతిని అన్ని దిమ్మెలకీ పెడుతున్నారని చెప్పాడు. దానికి ‘ఏడో దిమ్మె మర్యాద’ అని పేరు పెట్టారట.

నాకు కళ్ళజోడు ఇచ్చారు. పెట్టుకుని ఈ పుస్తకం వెనక్కి తిప్పి చదివాను. మూడు చోట్ల నీటిమట్టం గడిలో తేదీ రాశాను. మండలివాళ్ళకి అది కనబడలేదంటే, వాళ్ళూ చూపించుకోవాలి.

నస్రీన్ పిన్నికి ఎడమ కన్ను చేశారు. కట్టు విప్పేది శుక్రవారం.

శుక్రవారం.

కట్టు విప్పేటప్పుడు అందరం ఉన్నాం. పిన్ని కాసేపు కన్ను చికిలించింది. ముందు సముద్రాన్ని చూసింది. తర్వాత లాస్యత్తని చూసి, "ముసలిదానివైపోయావు వదినా," అంది. ఇద్దరూ కొంగులతో ముక్కులు తుడుచుకున్నారు.

ఆమె చూపు మెల్లగా నా మీదికి వచ్చింది. మొహం దాటింది. భుజం మీద ఆగింది. భుజం నుంచి మోచేతికి, మోచేతి నుంచి వీపుకి వెళ్ళింది.

"ఇదేంటే," అంది దర్జీ గొంతుతో. "ఈ కుట్టు ఎవరేశారు?"

అందరూ సముద్రం వైపు తిరిగారు. తేజస్ బాబాయి కొత్త చెవి మిషను తీసి జేబులో వేసుకున్నాడు.

మండలి అధ్యక్షుడిని మొహం మీదే దొంగ అన్నదాన్ని. మంత్రి సభలో అట్ట ఎత్తినదాన్ని. ఈ ఒక్క మాటకి గొంతు మూడుసార్లు సవరించుకున్నాను.

"నువ్వే పిన్నీ."

ఆమె నా చెయ్యి పట్టుకుని, కుట్టు వెంట వేలు నడిపింది. లాస్యత్త చొక్కా చూసింది. బాబాయి చొక్కా చూసింది. ఒక జేబు చంకలో ఉంది.

"ఎన్నాళ్ళయింది?"

"ఏడాది."

"దిమ్మె మొత్తమా?"

"మొత్తం."

ఇక ఏడుస్తుందనుకున్నాను. "సిగ్గులేని మనుషులు," అంది. "ఏడాదిపాటు బూచోళ్ళలాగా తిరిగారా? ఒక్కళ్ళన్నా అడగొద్దూ!" తర్వాత నవ్వింది. గోడ పట్టుకుని, కట్టు విప్పిన కన్ను అదరగూడదని డాక్టరు కేకలేస్తున్నా ఆగకుండా నవ్వింది.

శనివారం.

నీటిమట్టం రెండో మెట్టు. కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశాను.

ఏడింటికి నా గాలిచొక్కా ఇచ్చి రావడానికి నస్రీన్ పిన్ని ఇంటికి వెళ్ళాను. అప్పటికే గడప దగ్గర దిమ్మె జనం చొక్కాలు ఎత్తుగా పేరుకున్నాయి. కుట్లు విప్పేటప్పుడు ఒళ్ళో పరుచుకోవడానికి గుడ్డ కావాలంటే మా ఇంటి తువ్వాలు ఇచ్చాను. నాకిక దానితో పని లేదు.

"శుభోదయం నస్రీన్ గారూ. మీకేమైనా సాయం కావాలా?"

పిన్ని నా వైపు చూసింది. ఈసారి తిన్నగా, నేనున్న చోటికే. తర్వాత పెట్టె వైపు తిరిగింది. పెదాలు కలిశాయి. "అబ్బే" వస్తుందని ఎదురుచూశాను.

"కావాలమ్మా," అంది. "గట్టి దారం, తెల్లది, ఇరవై ఉండలు. సన్న సూదులు రెండు పొట్లాలు."

"ఎవరి కోసమండీ?"

"నాకే," అంది నస్రీన్ పిన్ని. "నాకోసమే."

ఏడో దిమ్మె. సొంతానికి అడిగినవి: ఒకటి.